మిరియాల జావ

ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి కారులో గంటంపావు దూరాన, రసాయనాలు ఎరగని ఒక కూరగాయల తోట. మొంబాసా నుంచి వచ్చి ఆ తోట చేసుకుంటున్న జైనబ్ శనివారం మధ్యాహ్నాలు పదిమందికి తన చేత్తో వండి స్వాహిలీ భోజనం పెడుతుంది. ఆ శనివారం రేకుల పంచలో చివరి చాప మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకరు మాట ఆపితే ఊపిరాడదన్నట్టు మాట్లాడే అమృతం ఆంటీ. రెండోది ఆమె ఇంట్లో ఉంటూ ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చదువుతున్న సెరీనా. సెరీనాకు ఆకలి లేదు. లేదని చెప్పే ఓపికా లేదు. జైనబ్ మాట్లాడింది ఇంగ్లీషే, మన సౌకర్యం కోసం ఇక్కడ తెలుగైంది.

“…అందుకే చెప్తున్నా, ఆ కాయితం పక్కన పెట్టవే తల్లీ. ముందు చేతులు కడుక్కో. ఆవిడ చెంబు పట్టుకుని నిలబడింది చూడు.”

“ట్యాప్ దగ్గరికి వెళ్తాను ఆంటీ.”

“లేవకమ్మాయ్. మా ఇంట్లో అతిథి లేచి వెళ్ళి చేతులు కడుక్కోకూడదు. నేనే పోస్తాను. చెయ్యి చాపు. రెండూ.”

“థాంక్యూ.”

“నీ చేతులు చల్లగా ఉన్నాయి.”

“కారులో ఏసీ వేశారు.”

“కారు దిగి అరగంటయింది కదే సెరీనా.”

“ఊఁ.”

“వేలు కూడా తోముకో. ఆ ఇంకు మరకేంటి?”

“తెలీదు ఆంటీ.”

జైనబ్ పెద్ద సత్తు పళ్ళెం తెచ్చి ఇద్దరి మధ్య దించింది.

“ఇది పిలావ్. ఇవి కొబ్బరిపాలల్లో ఉడికించిన చిక్కుడు గింజలు. ఇది ఆకుకూర, పొద్దున కోసిందే. చేప బొగ్గుల మీద కాల్చాను. ఇద్దరూ ఈ ఒక్క పళ్ళెంలోనే తినాలి. ఎవరి ముందున్నది వాళ్ళు. మంచి ముక్క కనిపిస్తే మాత్రం తాను తినకుండా ఎదుటి మనిషి వైపు తొయ్యాలి. అదీ పద్ధతి.”

“ఒకే పళ్ళెంలోనా?”

“ఏం, చర్చిలో ఒకే గిన్నెలో తాగట్లేదూ?”

“అది వేరు ఆంటీ.”

“ఏం వేరు. తిను. అయ్యో రామా, ఏంటో అనుకున్నా, తోటకూరే ఇది. కొబ్బరిపాలు పోసిన తోటకూర. మా అత్తగారు బతికుంటే తోటకూరకి కొబ్బరిపాలేంటే, దరిద్రమా అనేది. తినేది మాత్రం రెండుసార్లు వేయించుకుని. ఎలా ఉంది?”

“బాగుంది.”

“ఇంకా నోట్లో పెట్టుకోలేదు నువ్వు.”

“పెట్టుకుంటున్నా.”

“ఇదుగో, చేప పొట్ట ముక్క. ముల్లు తీశాను. నీ వైపు తోస్తున్నా, పద్ధతి ప్రకారం.”

“మీరు తినండి ఆంటీ.”

“నేను తింటూనే ఉన్నా. నువ్వు మళ్ళీ ఆ కాయితం తీశావ్. ఏం రాస్తున్నావ్?”

“అసైన్‌మెంట్. రుచికి, వాసనకి, మెత్తదనానికి మార్కులెయ్యాలి. తొమ్మిదికి.”

“ఎంతేశావ్?”

“ఐదు.”

“దేనికి?”

“అన్నిటికీ.”

“ఐదంటే ఏంటి?”

“ఇష్టమూ కాదు, అయిష్టమూ కాదు.”

“పిలావ్‌కి?”

“ఐదు.”

“చేపకి కూడానా?”

“ఊఁ.”

“నరసాపురం పిల్లవి. చేపకి ఐదేస్తావా. మీ నాన్న జోజయ్య మాస్టారు వింటే ఆ పూట అన్నం మానేస్తారు.”

“డాడీకి చెప్పకండి.”

“ఏంటి చెప్పొద్దు?”

“…చేపకి ఐదేశానని.”

“సరేలే. చేప సంగతి చెప్పను.”

“పెరుగు తెచ్చాను సిస్టర్. మా ఆవుదే.”

“అటు పెట్టండి జైనబ్. ఇటు, నా వైపు. ఆ పిల్లకొద్దు.”

“నేను వేసుకుంటాను ఆంటీ.”

“వద్దులే. పులిసింది.”

“మీరింకా రుచి చూడలేదు కదా.”

“వాసనొచ్చిందిలే. గురువారం మావాడు డేనీ ఫోన్ చేశాడు తెలుసా, పెర్త్‌లో ఎండ చంపేస్తోందంట.”

“ఊఁ.”

“మూడు నెలలు దాటింది వాడెళ్ళి. కన్నతల్లితో మాట్లాడేది మూడే మాటలు. హౌ ఆర్ యూ మా, హౌజ్ డాడ్, ఈజ్ సెరీనా ఈటింగ్ ఓకే. అయిపోయింది, పెట్టేస్తాడు. ఇక్కడ పుట్టిన పిల్లలంతే, తెలుగు అర్థమవుతుంది, నోరు రాదు.”

“మీరేం చెప్పారు?”

“దేనికి?”

“మూడో దానికి.”

“తింటోందన్నా. పెట్టింది తింటోందన్నా. నిజమేగా?”

“నిజమే.”

“నిన్నేం పెట్టాను?”

“నిన్న… చారు.”

“మొన్న?”

“…చారేనా?”

“పోనీలే. సోమవారం బస్సుకేనా నువ్వెళ్ళేది?”

“ఫ్లైట్ ఆంటీ. పదకొండింటికి.”

“బ్రిస్బేన్‌లో ఆ శ్యామసుందరి గది ఇద్దరికి చాలుతుందా?”

“చాలుతుందంది. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో. పక్కనే చెరువంట.”

“చెరువుంటే చదువొస్తుందా? చదువు సంగతేంటి?”

“డిఫర్ చేస్తున్నా. ఒక సెమిస్టర్ వాయిదా.”

“సెమిస్టర్ మొదలై నెల కాలేదు.”

“ఊఁ.”

“మరి డిఫర్ చేసేదానివి ఈ మార్కులెందుకేస్తున్నావే?”

“తెలీదు ఆంటీ.”

“నేనేమన్నా అన్నానా నిన్ను?”

“లేదు.”

“అంకుల్ ఏమన్నా…”

“అయ్యో లేదు ఆంటీ.”

“మరెందుకు పోతున్నావ్?”

“బ్రిస్బేన్‌లో చలికాలం బాగుంటుందంట.”

“ఓహో. చలికాలం.”

జైనబ్ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఒకే ఒక మట్టి గిన్నె, మీద ఆవిరి.

“ఇది నీకు, అమ్మాయ్.”

“నాకా? మెనూలో లేదు కదా ఇది.”

“లేదు. అందరికీ పెట్టేది కాదు. బియ్యప్పిండి జావ. కొబ్బరిపాలు పోసి, మిరియాలు దంచి వేశాను. చాలా వేశాను. వేడి మీదే తాగాలి.”

“ఎందుకు?”

“మావైపు కాన్పయిన ఆడదానికి నలభై రోజులు ఇదే పెడతారు.”

“…నాకు కాన్పు కాలేదు.”

“బిడ్డ ఇంటికి రాకపోయినా ఇదే పెడతాం. ఒంటికి ఆ తేడా తెలీదు. చల్లారనివ్వకు. నేను అటు వాళ్ళకి చేప వేసి వస్తాను.”

“ఆంటీ.”

“ఊదుకుని తాగు, కాలుతుంది.”

“ఆంటీ, ఆవిడకెలా తెలుసు?”

“చెంచా ఇవ్వనా?”

“ఆవిడకెలా తెలుసు ఆంటీ?”

“నేనే చెప్పా. బుధవారం ఫోన్ చేసి. వాళ్ళమ్మ కిందటేడు నేను పనిచేసే ముసలాళ్ళ హోమ్‌లోనే, ఆ ఏజ్డ్ కేర్‌లోనే పోయింది. చివరి రోజుల్లో ఆవిడకి నేనే స్నానం చేయించేదాన్ని. అప్పట్నించీ ఎరిక.”

“మీకెలా తెలుసు?”

“ఏలూరు ఆస్పత్రిలో పదకొండేళ్ళు కాన్పుల వార్డులో చేశానే. మనిషి సోఫాలో ఎలా కూర్చుంటోందో చూస్తే చాలదా. గ్రూప్ అసైన్‌మెంటని రెండు రోజులు బయటున్నావ్. వచ్చినప్పట్నించీ గోడ పట్టుకుని నడుస్తున్నావ్. మూడో రోజు నుంచి ఇంట్లో కూడా ఆ మందపాటి జాకెట్టు. బయట ముప్పై ఆరు డిగ్రీలు. ఎందుకేసుకున్నావ్?”

“తడుస్తోంది.”

“పాలు పడ్డాయా?”

“నర్సు ముందే చెప్పింది, వస్తాయని. నేనే నమ్మలేదు. బిడ్డ లేనప్పుడు ఎందుకొస్తాయనుకున్నా.”

“కట్టు కట్టుకున్నావా?”

“గూగుల్‌లో చూసి కాబేజీ ఆకులు పెట్టుకున్నా.”

“అదీ సంగతి. ఫ్రిజ్‌లో సగం కాబేజీ ఎటుపోయిందా అనుకున్నా. అంకుల్‌ని తిట్టాను కూడా.”

“సారీ ఆంటీ.”

“కాబేజీకి సారీ ఏంటే. ఎన్నో నెల?”

“ఐదు పడింది.”

“పక్కన ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. నర్సు ఉంది. చెయ్యి పట్టుకుంటానంది, వద్దన్నా. ఎందుకు వద్దన్నానో తెలీదు.”

“బిడ్డని చూపించారా?”

“చూపించారు.”

“ఎవరు, ఆడా మగా?”

“ఆడపిల్ల. చిన్న టోపీ పెట్టారు ఆంటీ. ఊలుది. వలంటీర్లు అల్లి ఇస్తారంట. నా బొటనవేలికి సరిపోయేలా ఉంది. పసుపు రంగు.”

“ఏడ్చావా?”

“లేదు.”

“తర్వాతన్నా?”

“లేదు. ఒక్కసారి కూడా రాలేదు. అదే నాకు భయంగా ఉంది. ఇందాక ఆవిడ చేతుల మీద నీళ్ళు పోస్తే, ఎవరి చేతులో కడుగుతోందనిపించింది. ఏం తింటున్నా ఏం తెలీట్లేదు. నేను చెడ్డదాన్నేమో అనుకుంటున్నా.”

“నోర్ముయ్. తాగు. ఇంకో గుక్క.”

“తాగుతున్నా.”

“పదిరోజుల్నించీ నీకు పెరుగు వెయ్యలేదు. గమనించావా?”

“లేదు.”

“వంకాయ లేదు, గోంగూర లేదు, చల్లటి నీళ్ళు లేవు. నెయ్యేసి వెల్లుల్లి కారం, మిరియాల చారు, బీరకాయ. మళ్ళీ వెల్లుల్లి కారం. అంకుల్ నాలుగో రోజున కంచం చూసుకుని, ఇంట్లో ఎవరమ్మా బాలింత అన్నారు నవ్వుతూ. నేను నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఆగిపోయింది.”

“అంకుల్‌కి కూడా తెలుసా?”

“ఒక్క మాట అడగలేదు ఆయన. రోజూ సాయంత్రం పక్కనున్న లివర్‌పూల్ వెళ్ళి లేత బీరకాయలు ఏరుకొస్తున్నారు, అంతే. జన్మలో ఎప్పుడూ కూరగాయలు తేని మనిషి.”

“ఇంట్లోనే చెప్పొచ్చు కదా ఆంటీ నాకు.”

“ఎలా చెప్పను? నువ్వు తలుపేసుకుంటావ్. నేను తలుపు కొట్టి, తలుపు తీశాక ఉల్లిపాయలున్నాయా అంటా. రోజూ అదే. పదిసార్లు కొట్టాను, పదిసార్లూ ఉల్లిపాయలే అడిగాను. ఇంట్లో పది కిలోలున్నాయి. ఇంకోళ్ళ నోటితో అనిపిస్తేనన్నా బయటపడతావని ఇక్కడికి తెచ్చా. సోమవారం పోతానంటున్నావ్, ఇంకెప్పుడు?”

“డాడీకి చెప్పారా?”

“చెప్పేదాన్నయితే పదిరోజులాగుతానా.”

“చెప్తారా?”

“మొన్న ఆదివారం ఆయనే అడిగారు, అమ్మాయి గొంతు నీరసంగా ఉందేం అమృతమ్మా అని. జలుబన్నా. ఎర్రటి ఎండల్లో జలుబేంటని ఆయనకి డౌటొచ్చింది. ఇక్కడి జలుబు అంతే మాస్టారూ అన్నా. చచ్చేలోగా ఆయనతో అబద్ధమాడతాననుకోలేదు.”

“మీకు తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటారనుకున్నా.”

“అందుకని ముందే నువ్వే ఖాళీ చేస్తున్నావా?”

“అందుకు కాదు.”

“మరి దేనికి? చలికాలం అనకు మళ్ళీ.”

“చెప్పలేను ఆంటీ.”

“సరే, అది వదిలెయ్. ఆ అబ్బాయెవరు?”

“యూనీలో చదువుతాడు.”

“పేరుంటుందిగా.”

“మార్క్.”

“మార్క్. ఏ ఊరు?”

“అడిలైడ్.”

“మనవాళ్ళేనా?”

“…మనవాళ్ళే.”

“అడిలైడ్ మార్క్. ఇదుగో, ఇంకో ముక్క తోశాను, తిను. తెలుసా అతనికి?”

“తెలీదు. తను వెళ్ళేటప్పటికి నాకే తెలీదు. తెలిశాక ఫోన్ తీసి, పెట్టేశాను. చాలాసార్లు. అప్పుడే కొత్త ఉద్యోగం తనకి.”

“యూనీలో అన్నావుగా.”

“…పార్ట్ టైమ్.”

“ఊఁ. పార్ట్ టైమ్.”

“చెప్తే ఉద్యోగం మానేసి వచ్చేస్తాడు ఆంటీ. అలాంటివాడు. ఆలోచించడు.”

“మంచివాడేనా అయితే?”

“మంచివాడే.”

“అరుస్తాడా?”

“అస్సలు.”

“మంచినీళ్ళు తాగి గ్లాసు సింకులో పెడతాడా, తాగిన చోటే వదిలేస్తాడా?”

“తాగిన చోటే.”

“వాళ్ళమ్మని అనాలి ముందు. అలా పెంచింది. ఆవిడకి తెలుసా?”

“లేదు.”

“ఎలాంటిది?”

“మంచిది ఆంటీ.”

“నువ్వు చూశావా?”

“…చూశాను.”

“ఏం మంచి? ఊరికే అనకు.”

“ఆకలి లేదన్నా పెడుతుంది. ఏ పూటా విసుక్కోదు. నాకు జ్వరమొస్తే ఒకసారి డ్యూటీ మానేసి కూర్చుంది.”

“నోరు?”

“ఎక్కువే. ఆపదు. మొదట్లో నాకు తలనొప్పొచ్చేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఆ గొంతు వినపడకపోతే నిద్ర పట్టదు.”

“…కొడుకంటే?”

“ప్రాణం. వాడి ఫోటో చర్చి క్యాలెండర్ పక్కన పెట్టుకుంది. వాడికి ఎలాంటి పెళ్ళి చెయ్యాలో అన్నీ అనుకుంది, ఎన్ని వందలమందిని పిలవాలో కూడా. నాకే చెప్పింది అన్నీ.”

“అంత మంచిదైతే ఆవిడకి చెప్పాల్సింది.”

“మంచిది కాబట్టే చెప్పలేదు. నన్ను కూతురిలా చూసింది ఆంటీ. ఆవిడ ఇంట్లో ఉంటూ నేను… ఆవిడకి తెలిస్తే ఇంక మొహం చూడలేను. తిట్టినా పడతాను. తిట్టకుండా చూస్తుందే, దాన్ని నేను తట్టుకోలేను. అందుకే.”

“అందుకే?”

“అందుకే బ్రిస్బేన్.”

“ఊఁ.”

“మీకు కోపమొచ్చిందా?”

“ఎవరి మీద? ఆ అడిలైడ్ ఆవిడెవరో, నాకెందుకు కోపం. జావ చల్లారుతోంది.”

“తాగుతున్నా. ఘాటుగా ఉంది.”

“ఏంటి?”

“ఘాటుగా ఉంది. గొంతులో మండుతోంది.”

“తెలుస్తోందా?”

“కొంచెం. మిగతావేం తెలీట్లేదు. ఇది తెలుస్తోంది.”

“చాలు. ఇవాళ్టికదే చాలు.”

అటు చాపల మీది వాళ్ళకు వడ్డించడం ముగించి జైనబ్ వచ్చింది.

“తాగిందా సిస్టర్?”

“అడుగున కాస్త ఉంది. తాగుతుంది.”

“అడుగునే మిరియాలన్నీ ఉంటాయి. వదలకూడదు. ఇంకేమైనా కావాలా మీకు? టీ పెట్టనా, యాలకులు వేసి?”

“టీ వద్దు. ఈ జావే ఇంకో గిన్నె ఉందా?”

“ఉంది. మీ అమ్మాయికి అదొకటి చాలు, ఎక్కువైతే వేడి చేస్తుంది.”

“దానికి కాదు. నాకు.”

“మీకెందుకు సిస్టర్? ఇది బిడ్డని పోగొట్టుకున్న వాళ్ళకి పెట్టేది కదా.”

“అందుకే అడుగుతున్నా. సెరీనా, నువ్వు కాస్త వివరంగా అడగవే ఆవిణ్ణి, వాళ్ళవైపు పిల్ల నాన్నమ్మకి పెట్టరా అని.”